నవ్విన చెక్కలు

రెండు చెక్కలూ గచ్చు మీద పడి, కాసేపు అటూ ఇటూ ఊగి ఆగాయి. రెండింటి చదును ముఖాలూ పైకే ఉన్నాయి. రాజక్క వంగి చూసింది. రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

"ఒప్పుకున్నది తల్లి" అంది.

నాలుగు రోజులుగా ఆ ఇంట్లో అన్నం సహించనివ్వని పంచాయితీ ఆ ఒక్క మాటతో తెగిపోయిందని అందరూ అనుకున్నారు. రాజక్క తమ్ముడు పరశురాములు చాయ్ గ్లాసు కింద పెట్టి జేబులోంచి పెన్ను తీశాడు. ఎన్నడూ ఏ దేవుడికీ చెయ్యెత్తి మొక్కని ఆమె కొడుకు సిద్ధు చెప్పులు బయట విడిచి వచ్చి మరీ చెక్కలకు దండం పెట్టాడు. ఫలితం తనవైపు వచ్చింది మరి, భక్తి రాకుండా ఎట్లా ఉంటుంది.

కూతురు రేవతి మాత్రం తండ్రి వైపు చూసింది.

సదానందం కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కంపెనీ దవాఖాన మందుల సంచి. చూపు తన కాలి బొటనవేలి మీద. ఆ చెక్కలు ఎట్లా పడితే ఏమని అర్థమో ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు రేవతి, రెండోవాడు ఆయన. ఇప్పుడు నోరు తెరుస్తాడు, ఇప్పుడు తెరుస్తాడు అని చూసింది. ఆయన సంచి మూతికున్న దారం సవరించుకున్నాడు.

ముక్కాలిపీట మీద కాగితం సిద్ధంగా ఉంది. సంతకం పడకముందే దాని మీద నోటరీ ముద్ర పడింది. పరశురాములు తెలివి అట్లాంటిది.

ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గు బాయిలో దిగిన మనిషి సదానందం. ఊపిరితిత్తులు చెడిపోయాయి, ఇక పనికి రాడు అని డాక్టర్లు రాసిచ్చారు. అట్లా రాసిచ్చినవాళ్ల పిల్లల్లో ఒకరికి కంపెనీలో కొలువు వస్తుంది. ఒక్కరికే. మిగిలినవాళ్లు మాకేమీ అభ్యంతరం లేదని సంతకం చేసి ఇవ్వాలి. కొలువు ఎవరికి వస్తే క్వార్టరు వాళ్ల పేరు మీదికి పోతుంది. కాగితాలు సోమవారం ఆఫీసులో ఇవ్వాలి. ఇవాళ ఆదివారం.

పోయిన ఏడాది ఇదే సదానందం, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని పడుకుని, మంచం పక్కన కూర్చున్న కూతురి చెయ్యి పట్టుకుని "నా కొలువు నీకే బిడ్డా" అన్నాడు. ప్రైవేటు బడిలో పంతులమ్మ పని మానేసి రెండేళ్లుగా ఆయనకు మందులు, నీళ్లు, గంజి అన్నీ చూస్తున్నది ఆమే. మొన్న బుధవారం లక్సెట్టిపేట నుంచి సిద్ధుకు పిల్లనిచ్చేవాళ్లు వచ్చారు. కోడికూర తిని, చేతులు కడుక్కుని, పోతూ పోతూ "కొలువు పిలగానికేనట గద" అన్నారు. అదే నోటితో సదానందం "అవు" అన్నాడు.

అప్పటి నుంచి రేవతి సంతకం పెట్టనంటున్నది. ఇరవై తొమ్మిదేళ్ల ఆడపిల్లకు ఇంత మొండితనం ఎక్కడిదని కాలనీలో మూడు వీధుల దాకా మాట పోయింది.

"ఇగ పెట్టు బిడ్డా" అన్నాడు పరశురాములు, పెన్ను ముందుకు చాపి. "మా మాట ఇనకున్న తల్లి మాట ఇనాలె."

"తల్లి ఏం చెప్పలే మామా. అవి మీ ఊరి నిమ్మకాయ చెక్కలు కావు" అంది రేవతి.

రాజక్క పుట్టిల్లు చెన్నూరు పక్కన. అక్కడ పోచమ్మ దగ్గర ఏదైనా తేల్చుకోవాలంటే నిమ్మకాయను రెండు చెక్కలుగా కోసి, మొక్కి, కింద వేస్తారు. రెండూ తెల్లగా పైకి పడితే తల్లి ఒప్పుకున్నట్టు. ఒకటి తెల్లగా ఒకటి పచ్చగా పడితే లేదన్నట్టు. ఆ నిమ్మకాయ గుడి ముందరే కోయాలి, ఇంట్లో కోస్తే చెల్లదు. అంతదూరం పోయి రావడానికి సదానందం ఊపిరి చాలదు. పొద్దున ఈ మాటే నడుస్తుంటే రాజక్కకు అల్మారాలోని ఎర్రచెక్కలు గుర్తొచ్చాయి. ఇవి కూడా దేవుణ్ని అడిగేవే కదా అని తీసుకొచ్చి, కొలువు సిద్ధుకే ఇయ్యాలా అని మొక్కి వేసింది. ఏ దేవుడైతే ఏమిటి, అడిగేది న్యాయమైన మాటే అయినప్పుడు. న్యాయమైన మాటేనని ఆమె నమ్మకం.

ఆ చెక్కలు తైవాన్ నుంచి వచ్చాయి.

ఐదేళ్ల కింద రేవతి, ముక్కూ మొహం తెలియనివాళ్లు దేశదేశాల నుంచి కార్డులు రాసుకునే ఒక గుంపులో చేరింది. తమ ఊరు మందమర్రి గురించి ఏం రాయాలో తోచక, మా బాపు బొగ్గు బాయిలో పనిచేస్తాడని రాసింది. నెల తర్వాత జవాబు వచ్చింది. మా నాన్న కూడా, అని. రాసినామె పేరు షియు మే. రిటైరైన టీచరు. వాళ్ల ఊళ్లో బాయిలు మూతపడి ముప్పై ఏళ్లు దాటిందట. ఇప్పుడు ఆ ఊరికి జనం ఫొటోలు దిగడానికి వస్తారట. బాయి పనివాళ్ల క్వార్టర్ల మెట్ల మీద పిల్లులు పడుకుని ఉంటాయట.

ఆ తర్వాత ఏడాదికొక పార్సిలు. మొదటిసారి చాయ్ ఆకు. చిన్న చిన్న ఉండలుగా చుట్టుకున్న ఆకులు వేడినీళ్లలో మెల్లగా విచ్చుకునేవి. సదానందం వాటిని గాజు గ్లాసులో వేయించుకుని, తాగడం మాని చూస్తూ కూర్చునేవాడు. రాజక్క అదే ఆకును పాలు, చక్కెర, అల్లం వేసి పావుగంట మరగబెట్టి, ఉత్త గడ్డి నీళ్లని తేల్చేసింది. అనాసపండు బిస్కెట్లు వచ్చిన రేకు డబ్బాలో ఇప్పుడు ఆవాలున్నాయి. రెండోసారి స్టీలు టిఫిన్ డబ్బా వచ్చింది, చుట్టూ కట్టుకునే నీలం గుడ్డతో సహా. అక్కడి బాయి పనివాళ్లు అట్లాంటి డబ్బాలోనే అన్నం తీసుకుపోయేవాళ్లట. సదానందం కొలువు చేసిన చివరి మూడు నెలలూ దాంట్లోనే అన్నం, మామిడికాయ తొక్కు పట్టుకుపోయాడు. తోటివాళ్లు అడిగితే తైవాన్ బాయిల టిపిని అని చెప్పుకుని మురిసిపోయాడు. రాజక్క ఆమెను చీనామె అంటే ఆయనకు కోపమొచ్చేది. చీనా కాదు, తైవాన్ అని దిద్దేవాడు.

ఇక పుస్తకాలు. అక్కడి ముసలి కార్మికులు చెప్పుకున్న కతలు ఇంగ్లీషులో అచ్చువేసినవి మూడు వచ్చాయి. సదానందం పొద్దటి షిఫ్టు చేసి వచ్చి, స్నానం చేసి, అన్నం తిన్నాక, మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన రేవతి చదివి తెలుగులో చెప్పేది. అక్కడ ఒకప్పుడు ఆడవాళ్లు కూడా బాయిలో దిగారని చెప్పినప్పుడు ఆయన కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాడు. అక్కడి ముసలివాళ్ల దగ్గూ ఇదే దగ్గు అని చదివినప్పుడు ఆ ముక్క ఇంకోసారి చదవమన్నాడు. ఒక్కసారి పోయి చూసొద్దాం బిడ్డా, నీకు కొలువొస్తే నీ పైసలతోనే పోదాం అన్నాడు. రేవతి ఆ మాటను పట్టుకుని రెండేళ్లు బతికింది.

మూడో పార్సిల్లో ఈ చెక్కలు. నెలవంక ఆకారం, ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు, పట్టుకుని పట్టుకుని ఎరుపు అరిగిపోయి ఉన్నాయి. మా అమ్మవి, నాన్న బాయిలో దిగేముందు రోజూ వేసి అడిగేది, నాకు పిల్లల్లేరు, నీ దగ్గర ఉండనీ అని షియు మే రాసింది. వాటి సంగతి పుస్తకంలో ఒక పేజీ నిండా ఉంది. ముందు నీ పేరు, ఊరు, ఇల్లు దేవుడికి చెప్పుకోవాలి. అప్పుడు అడగాలి. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితేనే దేవుడు సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే కాదన్నట్టు. రెండూ వెల్లకిలా పడి ఊగితే దేవుడు నవ్వినట్టు. నీ ప్రశ్నలోనే ఏదో తిరకాసుందని, జవాబు నీకే తెలుసని నవ్వుతాడట.

అది విని సదానందం దగ్గొచ్చేదాకా నవ్వాడు. అది తండ్రీ కూతుళ్ల మధ్య ఇంటిమాట అయిపోయింది. సిద్ధు పోలీసు పరీక్ష బాగా రాశానని వచ్చి చెప్పిన రోజు, వాడు లోపలికి పోగానే కూతురికి కన్నుగీటి "రెండు వెల్లకిల పడ్డయి బిడ్డా" అన్నాడు. రాజక్క కూర పలచనైందని ఒప్పుకోనప్పుడల్లా అదే మాట. రెండేళ్లలో ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు.

"నిమ్మకాయ కాకుంటే ఇంకేంది?" అన్నాడు పరశురాములు.

"వాటి తీరు వేరు. రెండు వెల్లకిల పడితే ఒప్పుకున్నట్టు కాదు. దేవుడు నవ్విండన్నట్టు."

సిద్ధు పళ్లు బయటపెట్టి నవ్వాడు. "నీకు గిట్టకుంటే దేవుడు నవ్విండా అక్కా? గా దేశం మొకం సూడకముందే గా దేశపు దేవునికి పూజారివైనవ్."

అంతటితో ఆగలేదు. ఆ పుస్తకాల్లో ఏముందో ఎవడికి తెలుసు, ఏది పడితే అది చెప్పి ఇన్నాళ్లూ బాపును తన వైపు తిప్పుకుందన్నాడు. దవాఖానలో కూర్చున్నది కూడా కొలువు కోసమేనన్నాడు. ఆ మాట రేవతికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

రాజక్క అందుకుంది. ఆమెకూ చెప్పుకోవలసింది చాలా ఉంది. వచ్చిన రెండు సంబంధాలు కూతురే చెడగొట్టుకుందని, ఆ కార్డులు, ఆ చాయ్ ఆకు వచ్చినప్పటి నుంచే ఇంట్లో మనిషి ఇంట్లో లేకుండా పోయిందని, కడుపు మండి అన్నది. కాని చివరి మాట మాత్రం నెమ్మదిగా, కూతురి కళ్లలోకి చూసి చెప్పింది.

"కొలువు రాకుంటే వాడు దుబాయి పోత అంటుండు. మా దశరథం గట్లనే పోయిండు. పెట్టెల వచ్చిండు. ఇంకొకన్ని నేను పంప, రేవతీ."

దశరథం రాజక్క చిన్న తమ్ముడు, దుబాయిలోనే చనిపోయాడు. పరశురాములు తల తిప్పుకుని గోడ వైపు చూశాడు. తల్లి అబద్ధం చెప్పడం లేదని రేవతికి తెలుసు. ఆమె భయం నిజమైన భయం. అయితే ఆ భయానికి మూల్యం ఎప్పుడూ తనే ఎందుకు కట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు.

"నా మాట నమ్మకుండ్రి. బాపునడుగుండ్రి" అంది. "గా పేజీ బాపుకు చదివి చెప్పిన. బాపు చెప్పిందే పక్కా."

అందరూ కుర్చీ వైపు తిరిగారు.

అప్పుడే వీధి మొదట్లో మున్సిపాలిటీ చెత్త ఆటో పాట మొదలైంది. తైవాన్‌లో చెత్తబండి కూడా పాట పెట్టుకునే వస్తుందని, జనం సంచులు పట్టుకుని వీధిలోకి వస్తారని చదివిన రోజు నుంచి, ఈ పాట వినబడితే చాలు సదానందం "తైవాన్ బండొచ్చింది బిడ్డా" అనేవాడు. ఒక్కరోజు తప్పకుండా అనేవాడు. పాట వాళ్ల గుమ్మం ముందుకు వచ్చింది, కాసేపు ఆగింది, ముందుకు పోయింది. ఆయన ఏమీ అనలేదు.

"చెప్పు బావా. ఉన్నదా గట్ల?" అన్నాడు పరశురాములు.

సదానందం కొడుకు వైపు చూశాడు. పెళ్లాం వైపు చూశాడు. కూతురి వైపు చూడలేదు.

"నాకు యాది లేదు" అన్నాడు.

సిద్ధు హమ్మయ్య అనుకున్నట్టు గోడకు చేరగిలబడ్డాడు. రాజక్క పైట కొంగుతో మొహం తుడుచుకుంది.

పుస్తకం అల్మారాలోనే ఉంది. లేచి తెచ్చి ఆ పేజీ తీసి చూపించవచ్చు. సిద్ధుకు డిగ్రీ ఉంది, కూడబలుక్కునైనా చదువుతాడు. కాని రేవతికి కావలసింది పేజీ కాదు. కొలువు పోతే పోయిందని ఆ నాలుగు రోజుల్లో ఆమె ఒకటి రెండుసార్లు మనసుకు చెప్పుకుంది. ఆ మధ్యాహ్నాలు కూడా పోతాయని మాత్రం అనుకోలేదు. చదివింది తనొక్కతే, విన్నవాడు లేడు అంటే ఇక మిగిలిందేమిటి.

ఆమె చెక్కలు రెండూ తీసుకుంది. పోయి తండ్రి కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. మందుల సంచి పక్కన పెట్టి, ఆయన రెండు అరచేతుల మధ్య చెక్కలు పెట్టి మూసింది. బొగ్గు నలుపు ఇంకా పోని గోళ్లు.

"ఇగేం అడుగుతవే మళ్ల?" అంది రాజక్క.

"ఒక్కటే అడుగుత అవ్వా. బాపు ఏస్తడు."

రేవతి కళ్లు మూసుకుని, ఆ పేజీలో ఉన్నట్టే, ముందు ఎవరమో చెప్పుకుంది. "నా పేరు రేవతి. మా బాపు సదానందం. మందమర్రి, కంపెనీ క్వార్టర్ల ఉంటం" అంది. పేరు, ఊరు, ఇల్లు. ఆ వరస వినగానే సదానందం చేతులు బిగుసుకున్నాయి. ఆమె చేతులు ఆ చేతుల మీదే ఉన్నాయి, ఆమెకు తెలిసింది.

"మా బాపుకు యాది ఉన్నదా?" అని అడిగి చేతులు తీసేసింది.

ఆయన వెయ్యలేదు. అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. పరశురాములు గడియారం చూసుకున్నాడు. చివరికి వేళ్లలో పట్టు సడలిందో, ఆయనే వదిలాడో, చెక్కలు గచ్చు మీద పడ్డాయి.

ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా.

"చూసినవా?" అంది రాజక్క. "లేదన్నది తల్లి. ఇగనన్న నమ్ముతవా?"

నిమ్మకాయ తీరులో అది లేదనే. ఆ గదిలో ఇద్దరికే అది అవును. రేవతి చెక్కల వైపు ఒక్కసారి చూసి, తండ్రి మొహంలోకి చూసింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు, నోరూ విప్పలేదు. ఇప్పుడైనా చెప్పవచ్చు. ఒక్క మాట. ఆమె ఆ ఒక్క మాట కోసం కూర్చోగలిగినంతసేపూ కూర్చుంది.

తర్వాత లేచింది. "సరే" అంది.

చెక్కలు తీసి నీలం గుడ్డలో చుట్టింది. స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మూత వేసింది. ఆ డబ్బాను తీసుకెళ్లి తన బట్టల సంచిలో పెట్టుకుంది.

పరశురాములు పెన్ను అందించాడు. రేవతి తీసుకుంది. సంతకం పెట్టమని గీత గీసి ఉన్నచోట అతను వేలు పెట్టి చూపించాడు.

"పెడత మామా. గని ముందు కాగితం చదివి ఇనిపియ్యాలె."

"నువ్వే చదువుకోరాదు, సదువుకున్న పిల్లవు."

"నేను కాదు. బాపు." ఆమె గొంతులో కోపం లేదు, అదే అందరినీ ఇబ్బంది పెట్టింది. "ఇన్నేండ్లు నేను చదివిన, బాపు ఇన్నడు. ఇయ్యాల బాపు చదువుతడు, నేనింట."

ఇదేం పరేషాన్ అని సిద్ధు గొణిగాడు. సంతకం పెడతానంటున్నది కదా, చదివితే పోయేదేముందని పరశురాములు కాగితం తీసి బావ చేతిలో పెట్టాడు. రాజక్క కళ్లద్దాలు తెచ్చి ఇచ్చింది. సదానందం అద్దాలు పెట్టుకున్నాడు, తీసి తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. తెలుగు ఆయనకు బాగానే వచ్చు.

"నేను... రేవతి... తండ్రి సదానందం" అని మొదలుపెట్టాడు. "నా తండ్రిగారికి బదులు ఇచ్చు ఉద్యోగమును... నా తమ్ముడు సిద్ధుకు ఇచ్చుటకు... ఎవరి బలవంతము లేకుండ... నా ఇష్టపూర్వకముగ..."

అక్కడ ఆగాడు. ఆ మాట మీద వేలు పెట్టి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. మళ్లీ అక్కడే ఆగాడు. అప్పుడు దగ్గు వచ్చింది. మామూలు దగ్గు కాదు, కడుపు లోపలి నుంచి తవ్వుకుని వచ్చే దగ్గు. కాగితం ఒళ్లో పడింది. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగిపోయాడు.

"నీళ్లు తే రేవతీ" అంది రాజక్క.

నీళ్ల బిందె ఐదడుగుల దూరంలో ఉంది. గ్లాసు దాని మీదే బోర్లించి ఉంది. రెండేళ్లుగా ఆ దగ్గు మొదలైతే రేవతి తప్ప ఇంట్లో ఎవరూ లేవరు, లేవవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఇప్పుడు కూడా ముగ్గురూ కూర్చున్నచోటే కూర్చుని ఆమె వైపు చూశారు.

రేవతి లేవలేదు. నేల మీద పడబోతున్న కాగితాన్ని తీసి, మడత సరిచేసి, మళ్లీ తండ్రి చేతిలో పెట్టింది.

"ఇష్టపూర్వకముగ కాడ ఆగినవ్ బాపు" అంది. "ఆడికెల్లి చదువు."